పాలపళ్ళు ఊడేదాకా ఆగమనే సలహా

పళ్ళ వరుస సరిచేయించే వయసు గురించి వికారాబాద్, తాండూరు ఇళ్ళలో వినిపించే మాటలు రెండు. పాలపళ్ళన్నీ ఊడాకే చూపించాలన్నది ఒకటి, పెళ్ళీడు దాటాక క్లిప్పులు వేయించినా లాభం లేదన్నది మరొకటి. మొదటిది దవడ పెరిగే కాలాన్ని చేజార్చుతుంది, రెండోది పెద్దలకున్న దారిని మూసేస్తుంది. రెండూ తప్పే.

సుమారు ఆరేళ్ళకు పాలపళ్ళ వెనక మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. పైదవడ, కిందిదవడ ఎలా కలుస్తున్నాయో అప్పటినుంచి తెలుస్తుంది. అందుకే అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం ఏడేళ్ళలోపే ఒకసారి చూపించమంటుంది. చూపించడం వేరు, క్లిప్పులు వేయించడం వేరు. ఎనిమిది, తొమ్మిదేళ్ళప్పుడు పై ముందుపళ్ళ మధ్య కనిపించే సందు చాలామందిలో కోరపళ్ళు దిగేసరికి తనంతట తానే మూసుకుంటుంది. అక్కడ ఆగమనడం సరైన సలహా. దాన్నే అన్నిటికీ వర్తింపజేయడంతోనే నష్టం మొదలవుతుంది.

కింది పళ్ళు పైపళ్ళకు ముందుకొచ్చి, పైదవడ వెనకబడిన పిల్లలకు ముఖానికి తగిలించే పరికరంతో పైదవడను ముందుకు లాగడం పదేళ్ళలోపే బాగా పనిచేస్తుంది. ఇరుకైన అంగిలిని వెడల్పు చేయడం కూడా మధ్య అతుకు గట్టిపడకముందే సులువు. పద్నాలుగు, పదిహేనేళ్ళ తర్వాత అది కష్టమవుతుంది. ఎదుగుదల ఆగాక తీవ్రమైన దవడ తేడాలకు ఆపరేషనే మిగలొచ్చు. పుచ్చిన పాల దవడపన్నును "ఎలాగూ ఊడేదే కదా" అని పీకించి వదిలేయడమూ అలాంటి నష్టమే. వెనక పన్ను ముందుకు జరిగి, పది, పన్నెండేళ్ళకు రావలసిన పన్నుకు చోటుండదు. ఆ ఖాళీని కాపాడే చిన్న పరికరం అప్పుడే పెట్టించాలి.

అయితే ఎత్తుపళ్ళన్నిటికీ ఎనిమిదేళ్ళకే చికిత్స మొదలుపెట్టాలన్న తొందరా సరికాదు. కిందిదవడ చిన్నదై పళ్ళు ఎత్తుగా ఉన్నవారికి ఎదుగుదల ఉరవడి అందుకున్న వయసే అనువు. ఆడపిల్లల్లో అది మగపిల్లలకన్నా దాదాపు రెండేళ్ళు ముందొస్తుంది. అంతకుముందే మొదలుపెట్టినా చివరి ఫలితం పెద్దగా మెరుగవదు, ముందుపళ్ళకు దెబ్బలు తగలడం మాత్రం తగ్గుతుంది.

ఇక పెద్దల సంగతి. పంటి చుట్టూ ఎముక కరిగి మళ్ళీ కట్టుకోవడం జీవితాంతం ఆగదు కనుక నలభైల్లోనూ పన్ను కదులుతుంది, నెలకు సుమారు ఒక మిల్లీమీటరు. చిగుళ్ళూ వాటి కింది ఎముకా ఆరోగ్యంగా ఉండటమే షరతు. గుట్కా, పొగాకు నమిలేవారికి ముందు చిగుళ్ళ వైద్యం కావాలి. సంబంధం కుదిరాక ఆరునెలల్లో ముగించమనడం మాత్రం కుదరదు. క్లిప్పులకు సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది, తీశాక పళ్ళు వెనక్కి పోకుండా రిటైనర్ వాడాలి.

దూరం సాకు ఇక్కడ నిలవదు. వికారాబాద్ దగ్గర కొత్రేపల్లిలో శ్రీసాయి దంతవైద్య కళాశాల ఉంది, తాండూరు నుంచి వికారాబాద్‌కు రైలుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడి పిల్లలను పరీక్షిస్తుంది, దాని జాబితాలో దంత సమస్యలూ ఉన్నాయి. పుచ్చులు చూసే ఆ కార్యక్రమ బృందమే రెండో తరగతి పిల్లలను వెనకపళ్ళు కలిపి కొరకమని చెప్పి, కింది ముందుపళ్ళు పైవాటికి బయటికొస్తున్నాయా అని చూడాలి. అందుకు వెలుతురు, నోటి అద్దం చాలు.