ఉగ్గాని పక్కన కప్పు నూడుల్స్

వేడినీళ్లు పోసి నాలుగు నిమిషాలు మూత పెడితే సిద్ధమయ్యే కప్పు నూడుల్స్ కర్మాగారంలోనే ఉడికి వచ్చిన పదార్థమనీ, ఇంట్లో జరిగేది వంట కాదు, నానబెట్టడం మాత్రమేననీ గ్రహించాకే దాని మంచిచెడ్డలను సరిగా తూచడం సాధ్యమవుతుంది. మైదాను ముద్దచేసి, సన్నని పోగులుగా కోసి, ఆవిరిమీద ఉడికించి, ఆపైన సుమారు 150 డిగ్రీల నూనెలో ఒకటి రెండు నిమిషాలు వేయించినప్పుడు లోపలి తేమ ఆవిరైపోతూ పోగు నిండా సన్నని రంధ్రాలను మిగులుస్తుంది. తరువాత పోసే వేడినీళ్లు ఆ రంధ్రాల గుండానే లోపలికి దిగుతాయి. జపానులో మొమొఫుకు ఆండో 1958లో ఈ పద్ధతితో ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను అమ్మకానికి తెచ్చి, 1971లో వాటిని కప్పులోకి ఎక్కించాడు.

ముందే ఉడికించిన గింజను గుల్లచేసి దాచుకోవడం అనంతపురం పీఠభూమికి ఎన్నడో తెలిసిన విద్య. ఉప్పుడు బియ్యాన్ని కాలిన ఇసుకలో వేయిస్తే పేలి బొరుగులవుతాయి. వాటిని నీళ్లలో ముంచి, నీరు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తిరగమోతలో కలిపి, పైన పప్పుల పొడి చల్లితే కొద్దిసేపట్లోనే ఉగ్గాని తయారవుతుంది. గింజను గుల్లచేసిన వేడి ఒకచోట ఇసుకది, మరొకచోట నూనెది. అందువల్లనే బొరుగుల్లో కొవ్వు దాదాపు లేకపోగా, వేయించిన నూడుల్స్ బరువులో 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. అయితే బజ్జీ లేని ఉగ్గానిని అనంతపురంలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు కనుక ఈ గొప్పను మరీ సాగదీయడం కుదరదు. పీచు విషయంలోనూ తెల్లబియ్యపు బొరుగులు మైదాకంటే చెప్పుకోదగినంత మెరుగు కావు. తొందరగా తయారు కావడమే నూడుల్స్ చేసిన నేరమనే వాదన నిలవదని చెప్పడానికి మాత్రం ఈ పోలిక చాలు.

ఆ నూనె ఏదన్నది ఈ జిల్లాకు సంబంధించినంతవరకు చిన్న ప్రశ్న కాదు. కొర్ర, రాగి, ఆరికలు పండిన ఎర్రనేలలను దశాబ్దాల తరబడి శెనక్కాయకు, అంటే వేరుశనగకు, అప్పగించి, దేశంలోనే అత్యధిక విస్తీర్ణంలో ఆ పంట వేసిన జిల్లాగా అనంతపురం పేరు పొందింది; అటు 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం రాగి సంగటి ముద్దను మరికొంత పక్కకు నెట్టగా, ఇంచుమించు ఆ రోజుల్లోనే మ్యాగీ నూడుల్స్ దేశ విపణిలో అడుగుపెట్టాయి. నూడుల్స్‌ను వేయించేది సాధారణంగా పామాయిల్‌లో; అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వు, అంటే రక్తంలో చెడు కొలెస్టరాల్‌ను పెంచే రకం, ఉండగా, శెనగనూనెలో అది ఐదో వంతుకు మించదు. ఇంత శెనక్కాయ పండించిన సీమకు ఆ పంట నూడుల్స్ పొట్లంలో కనిపించేది నూనెగా కాదు, కొన్ని మసాలాల్లో ‘హైడ్రొలైజ్డ్ గ్రౌండ్‌నట్ ప్రోటీన్’ అనే పేరుతో. వేరుశనగ మాంసకృత్తులను అమైనో ఆమ్లాలుగా విడగొట్టి రుచికోసం చేర్చే పదార్థమది. ఆ ముక్కల్లో ఒకటైన గ్లుటామేటూ, జనం ‘అజినొమొటో’ పేరుతో భయపడే పదార్థంలోని గ్లుటామేటూ ఒకటే.

ఆ భయంలో సారం తక్కువ. 2015 జూన్‌లో సీసం ఆరోపణతో మ్యాగీ అమ్మకాలను ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆపివేసిందనీ, ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసిందనీ, నవంబరులో సరుకు మళ్లీ అంగళ్లకు చేరిందనీ గుర్తున్నవారు కూడా పొట్లం వెనుక సోడియం అంకెను చదివి ఉండరు. పొట్లం మీది పదార్థాల పట్టికలోని 412 గోరుచిక్కుడు గింజల జిగురు, 500, 501 పిండికి సాగుదనమిచ్చే కార్బొనేట్ క్షారాలు. అంకెలుగా కనిపించే ఇవి భయపెడతాయి కానీ, అసలు హాని ఏ సంకేతమూ లేని ఉప్పుది. ఒక కప్పులో 800 నుంచి 1,000 మిల్లీగ్రాముల సోడియం ఉండటం సాధారణం; దానిని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు పరిమాణం వస్తుంది కనుక, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ విధించిన ఐదు గ్రాముల హద్దులో దాదాపు సగం ఒక్క కప్పుతోనే తీరుతుంది. రసం పారబోస్తే అందులో కొంత తగ్గుతుంది, కానీ రుచి ఉన్నది రసంలోనే.

దక్షిణ కొరియాలో పదివేలమందికి పైగా పెద్దల ఆహారాన్ని పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనం, వారానికి రెండుసార్లు లేదా అంతకుమించి ఇన్‌స్టంట్ నూడుల్స్ తినే స్త్రీలలో మెటబాలిక్ సిండ్రోమ్, అంటే నడుము కొవ్వు, రక్తపోటు, రక్తంలో చక్కెర వంటివి కలిసి పెరిగే స్థితి, ఎక్కువగా కనిపించిందని తెలిపింది. అది సంబంధాన్ని చూపిందే తప్ప కారణాన్ని రుజువు చేయలేదు. ఎప్పుడో ఒక కప్పు తిన్నవారిని బెదిరించనక్కరలేదు. అదే పూటభోజనమయ్యే హాస్టలు గదుల సంగతి వేరు, ఎందుకంటే అక్కడ కప్పు పక్కన గుడ్డో, పప్పో, ఆకుకూరో ఉండదు.

వీటిని కొనేవారు స్వయంగా లెక్కగట్టుకోవచ్చునన్నది పైకి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆహార పొట్లాల మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలోని హిందీలో గానీ ఉంటే చాలుననీ, ఇతర భాషలు తయారీదారు ఇష్టమనీ చట్టం చెబుతున్నది. కళ్యాణదుర్గంలోనో రాయదుర్గంలోనో అంగట్లో కప్పు కొనే తల్లికి సోడియం అంకె ఎంత స్పష్టంగా అచ్చయినా, దాని పక్కనున్న మాట ఆమె చదివే లిపిలో ఉండాలన్న నిబంధన ఇప్పటికీ లేదు.