మొరాయించిన ఫోను - మన కర్తవ్యం

గ్రామీణ పరపతి రంగంలో గడచిన మూడు దశాబ్దాలలో వచ్చిన మార్పులు మీకు తెలియనివి కావు. 1992లో స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే కార్యక్రమం 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా మొదలైంది. 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు అమలులోకి వచ్చింది. 2006లో వ్యాపార ప్రతినిధుల ద్వారా సేవలందించడానికి రిజర్వు బ్యాంకు అనుమతించింది. 2014లో జన్‌ధన్ యోజన, 2016లో యూపీఐ వచ్చాయి. పట్టణంలోని బ్యాంకు కౌంటరు పల్లెకు, పల్లె నుంచి రైతు చొక్కా జేబులోకి చేరింది. ఇది హర్షించదగిన పరిణామమే. అయితే, కౌంటరు ఫోనులోకి మారిన తరువాత ఫోను మొరాయించడమంటే కౌంటరు మూతపడడమేనన్న సంగతిని మనం తగినంతగా గుర్తించలేదు. ఆ విషయమై మీతో నాలుగు మాటలు పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక సన్నివేశాన్ని ఊహించండి. పొదుపు సంఘం లెక్కలు రాసే మహిళ నెలవారీ వాయిదా సొమ్మును ఫోను ద్వారా చెల్లిస్తున్నారు. రహస్య సంఖ్య నొక్కారు. తెర మీద చక్రం తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. ఎక్కడ తాకినా చలనం లేదు. సొమ్ము చేరిందో లేదో తెలియదు. సభ్యులందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. ఆందోళనతో ఆమె మరమ్మతు దుకాణానికి వెళతారు. "ఫార్మాట్ కొట్టాలి" అంటాడు దుకాణదారు. కొంతసేపటికి ఫోను కొత్తదానివలె వెలుగుతుంది. కాని సమావేశ తీర్మానాల ఫోటోలు, చెల్లింపు రసీదులు, సభ్యుల నంబర్లు తుడిచిపెట్టుకుపోతాయి. ఫోను బాగుపడింది గాని సంఘం చేతిలో ఆధారాలు లేకుండా పోయాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. స్తంభించిన ఫోను చాలా సందర్భాలలో చెడిపోయిన ఫోను కాదు. దానిని దారికి తెచ్చే పద్ధతులలో ఏమీ తుడిచివేయనివి ముందు, అంతా తుడిచివేసేది చిట్టచివర రావాలి. ఈ వరుసక్రమాన్ని ఖాతాదారుకు నేర్పవలసిన బాధ్యతలో బ్యాంకుకూ భాగం ఉంది.

తప్పు ఎల్లప్పుడూ వాడేవారిది కాదు

ఫోను స్తంభించగానే మన గ్రామీణ ఖాతాదారు "నేనేదో తప్పు నొక్కాను" అని తనను తాను నిందించుకుంటాడు. ఈ భయమే తొందరపాటుకు మూలం. తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే ఒక ఉదంతం ఇక్కడ చెప్పక తప్పదు. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా ఐఫోన్లు ఒకే ఒక్క తెలుగు అక్షరం వల్ల మొరాయించాయి. అది "జ్ఞా". జ్ఞానము అనే మాటకు మొదటి అక్షరం! కంటికి కనిపించని ఒక సంకేతం మధ్యలో చేరిన రూపంలో ఆ అక్షరం సందేశంగా వస్తే, దానిని తెర మీద పేర్చలేక యాప్ మూతపడేది. కొన్ని సందర్భాలలో ఫోను ముఖ్య తెరే కుప్పకూలేది. అటువంటి అమరిక గల కొన్ని బెంగాలీ, దేవనాగరి అక్షర సముదాయాలకూ ఇదే ఇబ్బంది ఎదురైంది. లోపం అక్షరంలోనూ లేదు, ఫోను యజమానిలోనూ లేదు. అక్షరాలను పేర్చే సాఫ్ట్‌వేరులో ఉంది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ 11.2.6 సంఖ్యతో సవరణను విడుదల చేయగా సమస్య తీరిపోయింది. ఈలోగా తొందరపడి ఫోను మొత్తం తుడిపించుకున్న వారెవరైనా ఉంటే, వారు అకారణంగా నష్టపోయినట్లే.

2021 మార్చిలోనూ ఇటువంటిదే జరిగింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వెబ్ పేజీలను చూపించే ఒక అంతర్భాగానికి లోపభూయిష్టమైన సవరణ రావడంతో, అనేక యాప్‌లు తెరచిన వెంటనే మూతపడసాగాయి. గూగుల్ సంస్థ సరిచేసిన సవరణను పంపిన తరువాత అవి యథాస్థితికి వచ్చాయి.

ఇవి అరుదైన ఘటనలు. నిత్యం మనకు ఎదురయ్యే కారణాలు సామాన్యమైనవి. ఉదయాన్నే వచ్చి పడే శుభోదయ చిత్రాలతో, వీడియోలతో ఫోను నిండిపోతుంది. నిల్వ స్థలంలో పదింట ఒక వంతు కూడా ఖాళీ లేనప్పుడు ఫోను ఇబ్బంది పెట్టవచ్చునని గూగుల్ సంస్థే చెబుతోంది. ధాన్యం బస్తాలతో గుమ్మం వరకు నిండిన గిడ్డంగిలో మనిషి మసలడం ఎంత కష్టమో ఇదీ అంతే. పొలం గట్టు మీద ఎండలో ఫోను వేడెక్కడం, సరిగా తయారుకాని యాప్‌లు, పాత ఫోను మోయలేని కొత్త సవరణలు తక్కిన కారణాలు.

వరుసక్రమం

మొట్టమొదట మరొక ఫోను నుంచి ఆ నంబరుకు కాల్ చేయండి. మోగితే ఫోను సజీవంగానే ఉంది, ఆగినది తెరో ఒక యాప్‌నో మాత్రమే. ఒకటి రెండు నిమిషాలు వేచి చూడండి. వేడిగా ఉంటే నీడలో పెట్టండి. తెర పూర్తిగా నల్లబడి ఉంటే ఛార్జరుకు తగిలించి గంటసేపు ఉంచండి.

అప్పటికీ కదలకపోతే బలవంతంగా పునఃప్రారంభించాలి. దీనివల్ల ఫోటోలు, సందేశాలు, ఖాతాలు ఏవీ పోవు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్‌ను దాదాపు 30 సెకన్లపాటు వదలకుండా నొక్కి ఉంచితే సరిపోతుంది. శాంసంగ్ ఫోన్లలో పవర్ బటన్‌ను, శబ్దం తగ్గించే బటన్‌ను కలిపి 7 సెకన్లకు పైగా నొక్కాలి. ఐఫోన్ 8, ఆ తరువాతి రకాలలో శబ్దం పెంచే బటన్‌ను నొక్కి వదలి, తగ్గించే బటన్‌ను నొక్కి వదలి, ఆపిల్ గుర్తు కనిపించేవరకు పక్క బటన్‌ను నొక్కి ఉంచాలి.

ఇక్కడొక హెచ్చరిక. పునఃప్రారంభమైన ఫోను మొదటిసారి వేలిముద్రతో తెరుచుకోదు. పిన్ లేదా నమూనా అడుగుతుంది. నిత్యం వేలిముద్రతోనే తెరచేవారు తమ పిన్‌ను మరచిపోయి ఉంటే చిక్కులో పడతారు. కావున ఫోను బాగున్న రోజుననే పిన్ జ్ఞాపకముందో లేదో పరీక్షించుకోవాలి.

ఫోను తెరుచుకున్న తరువాత అనవసరమైన వీడియోలను తొలగించండి, సవరణలు వచ్చి ఉంటే చేర్చండి. ఒకే యాప్ పదేపదే ఆగిపోతుంటే దాని క్యాష్‌ను తొలగించండి. క్యాష్ తొలగిస్తే ముఖ్య సమాచారం పోదు, డేటా తొలగిస్తే పోతుంది. ఈ తేడా గుర్తుంచుకోదగినది. ఆండ్రాయిడ్ ఫోన్లలో సేఫ్ మోడ్ అనే సదుపాయం ఉంది. అందులో మనం చేర్చుకున్న యాప్‌లన్నీ తాత్కాలికంగా పనిచేయవు. ఆ స్థితిలో ఫోను చక్కగా నడిస్తే దోషం కొత్తగా చేర్చిన యాప్‌దేనని భావించవచ్చు.

ఇవన్నీ విఫలమైన తరువాతనే ఫ్యాక్టరీ రీసెట్, అనగా సంపూర్ణంగా తుడిచివేయడం. దానివల్ల కలిగే నష్టం ఫోటోలతో ఆగదు. బటన్ల సాయంతో ఆ విధంగా తుడిచిన ఆండ్రాయిడ్ ఫోను తిరిగి మొదలయ్యేటప్పుడు, అంతకు ముందున్న గూగుల్ ఖాతా వివరాలను అడుగుతుంది. పల్లెలలో ఎందరికో ఆ ఖాతాను ఫోను అమ్మిన దుకాణదారే సృష్టించి ఇచ్చాడు. దాని పాస్‌వర్డు యజమానికి తెలియదు. యూపీఐ యాప్‌ను కూడా మళ్ళీ నమోదు చేసుకోవాలి. అందుకు ఖాతాకు అనుసంధానమైన సిమ్ ఆ ఫోనులోనే ఉండాలి, దాని నుంచి సంక్షిప్త సందేశం వెళ్ళగలగాలి. రీఛార్జి గడువు ముగిసిన సిమ్‌తో ఆ పని జరగదు.

సొమ్ము మధ్యలో ఆగితే

చెల్లింపు మధ్యలో ఫోను స్తంభిస్తే ఆ సొమ్మును వెంటనే రెండవసారి పంపవద్దు. లావాదేవీ ఫోను తెర మీద కాక బ్యాంకుల కంప్యూటర్లలో జరుగుతుంది. తెర ఆగినా చెల్లింపు పూర్తయి ఉండవచ్చు. ఫోను తెరుచుకోగానే యాప్‌లో లావాదేవీల చరిత్రను, బ్యాంకు సందేశాన్ని చూడండి, లేదా పాస్ బుక్కులో నమోదు వేయించుకోండి. 12 అంకెల లావాదేవీ సంఖ్యను కాగితం మీద రాసుకోండి. 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఆదేశాల ప్రకారం, ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు యూపీఐ ద్వారా పంపిన సొమ్ము అవతలి ఖాతాకు జమ కాకపోతే మరుసటి రోజులోగా తిరిగి రావాలి. వర్తకునికి చేసిన చెల్లింపు ధ్రువపడకపోతే 5 రోజులలోగా తిరిగి రావాలి. ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. ఈ హక్కు ఎంతమంది ఖాతాదారులకు తెలుసునో మీరే ఆలోచించండి.

మరమ్మతుకు ఇవ్వక తప్పనప్పుడు సిమ్‌ను, మెమరీ కార్డును తీసి దగ్గర పెట్టుకోవాలి. యూపీఐ పిన్‌ను ఎవరికీ చెప్పరాదు. సహాయ కేంద్రమంటూ అంతర్జాలంలో కనిపించే అపరిచిత నంబర్లకు ఫోను చేసి, వారు చెప్పిన యాప్‌ను చేర్చుకుని, తమ తెరను వారికి చూపిన వారు సొమ్ము పోగొట్టుకున్న సందర్భాలున్నాయి. మోసం జరిగిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

ఇది బ్యాంకు పనేనా?

"ఫోనును అమ్మినవారు చూసుకోవాలి, బ్యాంకుకేమి సంబంధం?" అని మీలో కొందరు ప్రశ్నించవచ్చు. సిబ్బంది కొరత, పని ఒత్తిడి కాదనలేని వాస్తవాలే. కాని ఒకనాడు వోచరు నింపడం, చెక్కు రాయడం నేర్పినది మనమే. కాగితం తయారుచేసినవాడు నేర్పాలని మనం అనలేదు. సేవను ఫోను మీదికి మార్చినది మనమైనప్పుడు, ఫోను ఆగిన వేళ ఏం చేయాలో చెప్పడం కూడా ఆ సేవలో భాగమే అవుతుంది.

ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. ఆర్థిక అక్షరాస్యతా శిబిరాలలో పది నిమిషాలు కేటాయించి, బలవంతపు పునఃప్రారంభాన్ని ప్రతి ఒక్కరి చేత వారి ఫోనులోనే చేయించవచ్చు. పైన చెప్పిన వరుసక్రమాన్ని స్థానిక భాషలో పెద్ద అక్షరాలతో ముద్రించి శాఖలోనూ, వ్యాపార ప్రతినిధి కేంద్రంలోనూ అతికించవచ్చు. స్మార్ట్‌ఫోను లేకున్నా సామాన్య ఫోను ద్వారా చెల్లించే యూపీఐ 123పే సదుపాయం 2022 మార్చి నుంచి ఉందని తెలియజేయవచ్చు.

అన్నింటికంటే ముఖ్యమైనది, కాగితపు పుస్తకాన్ని విడిచిపెట్టరాదు. 2015లో నాబార్డు ఈ-శక్తి పేరిట సంఘాల లెక్కల డిజిటలీకరణను చేపట్టింది. అది మేలైన ప్రయత్నం. అయినప్పటికీ సంఘం చేతిలో చేవ్రాలు గల తీర్మాన పుస్తకం, జమాఖర్చుల చిట్టా ఉన్నంతకాలమే ఒక ఫోను ఆగినందువల్ల సంఘం ఆగిపోకుండా ఉంటుంది.

ఈసారి ఎవరైనా స్తంభించిన ఫోనును పట్టుకుని మీ బల్ల ముందు నిలబడితే, "దుకాణానికి తీసుకువెళ్ళండి" అని పంపివేయకండి. పక్కన కూర్చోబెట్టి, పవర్ బటన్‌ను వారి చేతనే నొక్కించండి. తెర వెలిగిన తరువాత లావాదేవీ సంఖ్యను వారి పుస్తకంలో రాయించండి. మరొకసారి ఫోను మొరాయించినప్పుడు వారు భయపడకుండా తామే దానిని సరిచేసుకుంటారు, పొరుగువారికీ నేర్పుతారు.