అల గలాథియాలో, చెట్టు హర్యానాలోనా?

అండమాన్ నికోబార్ దీవుల పాలనా యంత్రాంగానికి బహిరంగ లేఖ

ఒకప్పుడు పోర్ట్ బ్లెయిర్ శివారు సిప్పీఘాట్‌లో వరి పండేది. 2004 డిసెంబరు 26 భూకంపానికి దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగింది. ఆ రోజు నుంచి పోటు వచ్చినప్పుడల్లా సముద్రం పొలాల్లోకి నడిచొస్తోంది. పంట పోయింది. ఎవరూ నాటకుండానే ఆ ఉప్పు బురదలో మడ మొక్కలు లేచాయి.

అది పాడుబడ్డ పొలం కాదు, ఉచితంగా కట్టుకుంటున్న కరకట్ట. మడచెట్టు ఊడలు బురదలోకి కాళ్లు చాపి నిలబడతాయి. వాటి సందుల్లో దూరి దూరి అల అలసిపోతుంది, మోసుకొచ్చిన ఒండ్రును అక్కడే వదిలేస్తుంది. 100 మీటర్ల మడ పట్టీ అల ఎత్తును 13 నుంచి 66 శాతం దాకా తగ్గిస్తుందని పరిశీలనలు తేల్చాయి. పగడపు దిబ్బలైతే సగటున 97 శాతం అల శక్తిని తీరానికి ముందే మింగేస్తాయి. కాంక్రీటు గోడ అలను తిప్పికొడుతుంది. ఆ విసురుకు గోడ పాదం దగ్గరి ఇసుకే కొట్టుకుపోతుంది.

2004 నాటి సునామీని మడ అడవి ఆపేస్తుందని ఎవరూ అనరు. నికోబార్‌లో నేల మరీ కిందికి దిగిపోయి, మడలే చాలావరకు చచ్చిపోయాయి. కానీ అలాంటి సునామీ ఎన్ని తరాలకో ఒకసారి. నైరుతి గాలుల కెరటాలు మాత్రం ఏటా వస్తాయి.

మరి గ్రేట్ నికోబార్‌లో జరగబోతున్నదేమిటి? గలాథియా అఖాతంలో భారీ రేవు. దాని కోసం 16,150 పగడపు సమూహాలను పెకలించి మరోచోట అతికిస్తారట! ఆ రేవు భాగమైన ప్రాజెక్టు మొత్తానికి 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. పరిహారంగా మొక్కలు నాటేది సముద్రమే లేని హర్యానాలో.

కోరింగ మడలు, హోప్ ఐలాండ్ కాకినాడకు ఎంత అండో గోదావరి తీరం వాళ్లకు చెప్పక్కర్లేదు. అండమాన్‌లోని జంగ్లీఘాట్‌లో వలలు ఆరేసే తెలుగు మత్స్యకార కుటుంబాలకూ తెలుసు: రొయ్య పిల్ల, చేప పిల్ల పెరిగేది మడ పాయల్లోనే.

సిప్పీఘాట్ లాంటి మునక నేలలను పూడ్చనివ్వకండి. సర్వే చేసి మడ అడవులుగా ప్రకటించండి. రోడ్లు పాయలకు అడ్డుపడిన చోట తూములు పెట్టి పోటును లోపలికి రానివ్వండి. 2023లో కేంద్రం మొదలుపెట్టిన ‘మిష్టీ’ పథకం మడల కోసమే కదా, ఆ డబ్బు అడగండి. ఏ గట్టుకు గోడ, ఏ గట్టుకు మడ అన్న పటం గీశాక, టెండరు పిలవడానికి ముందే దాన్ని ఊళ్లో పెట్టండి. నికోబారీ, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగులోనూ.