బొమ్మను వెనక్కి తిప్పి చూస్తారు

ప్లేస్‌మెంట్ల సీజన్‌లో నవల చదవమంటే తిట్టుకుంటారేమో. అయినా చెప్తాను. 'ది ఇంప్రాబబిలిటీ ఆఫ్ లవ్' అని 2015లో వచ్చిన ఇంగ్లిష్ నవల ఒకటుంది. రాసింది హన్నా రాత్‌చైల్డ్. అదే ఏడాది ఆమె లండన్ నేషనల్ గ్యాలరీ ట్రస్టీల బోర్డుకు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. అంటే చిత్రకళా ప్రపంచాన్ని లోపలి నుంచి చూసిన మనిషి. పుస్తకం పైకి రొమాంటిక్ కామెడీ. హాస్య నవలలకిచ్చే వుడ్‌హౌస్ ప్రైజ్‌ను 2016లో మరో నవలతో కలిసి పంచుకుంది. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు దీన్ని ఎందుకు చదవాలో చెప్తాను.

కథ సింపుల్‌గా మొదలవుతుంది. యానీ మెక్‌డీ లండన్‌లో షెఫ్. ప్రేమలో దెబ్బతిన్న అమ్మాయి. తనకు ఏమాత్రం తగని ఒకతనికి కానుక కొందామని పాత సామాన్ల కొట్టుకెళ్లి, మురికి పట్టిన చిన్న పెయింటింగ్‌ను 75 పౌండ్లకు కొంటుంది. భోజనానికి పిలిస్తే ఆ మహానుభావుడు రానే రాడు. బొమ్మ మాత్రం ఇంట్లో మిగిలిపోతుంది. తీరా చూస్తే అది ఫ్రెంచ్ చిత్రకారుడు ఆంత్వాన్ వాతో (1684–1721) వేసిన బొమ్మ! ఇక రష్యన్ కుబేరులు, వేలంపాటల వాళ్లు, డీలర్లు అందరూ దాని వెంటే. యానీ మీద మనసుపడ్డ జెస్సీ అనే కుర్ర చిత్రకారుడు ఆ బొమ్మ ఎక్కడిదో తేల్చడానికి సాయపడతాడు. మధ్యమధ్యలో బొమ్మే నోరు విప్పి, తాను ఎంత గొప్పవాళ్ల ఇళ్లలో వేలాడిందో కోతలు కోస్తుంటుంది. భలే నవ్వొస్తుంది.

ఇలాంటివి నవలల్లోనే జరుగుతాయనుకోకండి. దాదాపు 200 ఏళ్లు కనిపించకుండా పోయిన వాతో చిత్రం 'లా సర్‌ప్రీజ్' ఇంగ్లండ్‌లోని ఒక పల్లె బంగళాలో బయటపడింది. అదీ ఇన్సూరెన్స్ కోసం సామాన్ల విలువ కడుతుంటే. 2008 జులైలో లండన్ వేలంలో అది కోటీ 23 లక్షల పౌండ్లకు పైగా పలికింది.

అంత ధర పలకాలంటే బొమ్మ అందంగా ఉంటే చాలదు. ఎవరు వేశారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లింది అనే చిట్టా కావాలి. గ్యాలరీల భాషలో దాన్నే ప్రావెనెన్స్ అంటారు. నిపుణులు ముందు బొమ్మను వెనక్కి తిప్పి చూస్తారు. లేబుళ్లు, స్టాంపులు, పాత వేలాల నంబర్లు అక్కడే ఉంటాయి. తర్వాత ఎక్స్‌రే, రంగుల రసాయన పరీక్ష.

జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ బెల్ట్రాకీ అనే ఘనుడు వెనకవైపును కూడా ఫోర్జరీ చేశాడు. పాత కలెక్షన్ల పేరుతో దొంగ లేబుళ్లు అంటించాడు. భార్యకు ఆమె అమ్మమ్మలా వేషం వేసి, గోడమీద తన బొమ్మలు కనపడేలా 'పాతకాలపు' ఫొటో తీశాడు. ఏళ్ల తరబడి నిపుణులే నమ్మారు. చివరికి 1914 నాటిదని అమ్మిన ఒక చిత్రంలో టైటానియం వైట్ దొరికింది. ఆ తెల్లరంగు అప్పటికి చిత్రకారుల వాడకంలోకే రాలేదు. 2011లో అతనికి ఆరేళ్ల జైలుశిక్ష పడింది.

ఇప్పుడు మన సంగతి. రెండేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్, జీతం స్లిప్పులతో సహా ప్యాకేజీగా అమ్మేవాళ్లు ఉన్నారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అవి దొంగ లేబుళ్లే. మీ టైటానియం వైట్ పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు చూసేది అదే. ఉద్యోగంలో చేరాక దొరికిపోతే అప్పటిదాకా నిజంగా చేసిన పని కూడా లెక్కలోకి రాదు.

నేనేమీ సత్యహరిశ్చంద్రుణ్ని కాదు. ఫైనలియర్‌లో మా బ్యాచ్ నలుగురం డబ్బులేసుకుని ప్రాజెక్టు కొన్నాం. ఇంటర్వ్యూలో 'ఈ అల్గారిథమే ఎందుకు వాడారు?' అని అడిగితే నా నోట మాట రాలేదు. ఆ నిశ్శబ్దం ఇంకా గుర్తుంది.

తప్పంతా కుర్రాళ్లదే అనను. ఫ్రెషర్ పోస్టుకే అనుభవం అడుగుతారు. ఇంట్లో ఎడ్యుకేషన్ లోన్ వాయిదాలు మొదలైపోతాయి. ఆ ఒత్తిడిలోనే లెటర్ అమ్మేవాడు దేవుడిలా కనిపిస్తాడు. కానీ గ్యాలరీల నుంచి ఒక మాట నేర్చుకోవచ్చు. చాలా పాత చిత్రాల చిట్టాల్లో ఖాళీలుంటాయి, ఫలానా ఏళ్లు ఎవరి దగ్గరుందో తెలియదు అని. ఆ ఖాళీ వల్ల ధర తగ్గొచ్చు. అబద్ధం దొరికితే మాత్రం కొనేవాడే ఉండడు.

కాబట్టి ఏడాది గ్యాప్ ఉంటే ఉందనే చెప్పండి. ఆ ఏడాదిలో ఏం నేర్చుకున్నారో చూపించండి. చిన్న ప్రాజెక్టైనా సొంతంగా చేసి గిట్‌హబ్‌లో పెట్టండి. తేదీలతో సహా కనిపించే ఆ కమిట్లే మీ ప్రావెనెన్స్. తప్పులు, దిద్దుబాట్లు కూడా ఉండనివ్వండి. మనిషి చేసిన పని అలాగే ఉంటుంది. రెజ్యూమేలో ప్రతి లైనూ రాసే ముందు 'ఇది వెనక్కి తిప్పి చూస్తే ఏముంది?' అని మిమ్మల్ని మీరు అడగండి.

నవల ముగింపు చెప్పను. ఒక్కటే చెప్తాను. చివర్లో కూలిపోయేది ఆ 75 పౌండ్ల బొమ్మ కాదు, అది అసలుదే. కూలేది ఒక పెద్దమనిషి ఎన్నో ఏళ్లుగా కట్టుకున్న దొంగ గతం.