పూత కన్నా నీళ్లు మేలు

సంపాదకునికి,

సిమెంటు దుమ్ములో తిరిగే జగ్గయ్యపేట కార్లకు షోరూము పూత తప్పనిసరి అన్న మీ వ్యాసంతో ఏకీభవించను. ఫ్యాక్టరీలో రంగు మీద వేసి కాల్చే క్లియర్ కోటు మందం సుమారు 40 మైక్రాన్లు. షోరూములో పూసే సిరామిక్ పొర మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. టెఫ్లాన్ పేరిట రుద్దేదైతే కొన్ని నెలల్లోనే అరిగిపోతుంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీ టైరు విసిరే కంకరను ఈ రెండూ ఆపలేవు. కాస్తయినా ఆపేది మందపాటి పాలీయురేథేన్ ఫిల్మే. దాని ధర చాలా ఎక్కువ.

మా అసలు బెడద వేరు. కారు మీద పడిన సిమెంటు దుమ్ము రాత్రి మంచుకు తడిసి గట్టిపడుతుంది. పొద్దున్నే పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, పూత ఉన్నా సరే. ముందు ధారగా నీళ్లు కొట్టి, తర్వాత షాంపూతో కడగాలి.

నేను కారు కొన్నప్పుడు అడగకుండానే ఈ పూత ఖర్చు బిల్లులో చేర్చారు. గట్టిగా నిలదీస్తే తీసేశారు. కొనబోయేవారు సంతకం పెట్టేముందు బిల్లులో ప్రతి పద్దూ చదవండి, అక్కర్లేనిది కొట్టేయించండి.

– ఒక కారు యజమాని, నందిగామ