ఆ నోటుపుస్తకం చింపకండి

మొన్న క్రిస్మస్‌కి ముందు సంగతి. మధ్యాహ్నం పనులన్నీ తెముల్చుకుని కాస్త నడుం వాలుద్దామనుకుంటుంటే పక్కవాటా ఆవిడ వచ్చింది. కొంగు చాటున ఏదో పట్టుకుని ఉంది. తలుపు దగ్గరగా వేసి, ఒక నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది.

"మా పెద్దపిల్లది వదినా. నువ్వు కథలు రాస్తావు కదా, ఒక్కసారి చూసి చెప్పు. దీన్నిండా ప్రభువు మీద పాటలే. ఎంత బాగా రాసిందో! కానీ మధ్యలో ఓ నాలుగు పేజీలు తన స్నేహితురాలి గురించి రాసుకుంది. అది స్నేహితురాలి గురించి రాసినట్టు లేదు వదినా. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. వాళ్ళ నాన్న కంటబడితే ఇంకేమైనా ఉందా? తగలబెట్టేద్దామనుకున్నాను. పాటలున్న పుస్తకం కదా, చేతులు రాలేదు."

ఆ పిల్లని నేను ఎరుగుదును. డిగ్రీ రెండో సంవత్సరం. ఆదివారం చర్చిలో కోయిర్ పాడుతుంది. వాళ్ళ సంఘంలో ప్రతి క్రిస్మస్‌కీ కొత్త పాట కట్టేది ఈ పిల్లే. ఆ పుస్తకం నేను తెరవలేదు. ఒకరు తనకోసం రాసుకున్నది రెండోవాళ్ళు చదివితే ఎంత నొప్పో రాసేవాళ్ళకు తెలుసు. పుస్తకం బల్లమీద పెట్టి ఆవిడకి కాఫీ ఇచ్చి, నేను చదివిన ఒక మనిషి కథ చెప్పాను. అదే మీకూ చెబుతున్నాను.

ఆ మనిషి పేరు పాలీ మర్రే. 1910లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. మూడేళ్ళ వయసులో తల్లి పోతే, డర్హమ్ అనే ఊళ్ళో పెద్దమ్మ దగ్గర పెరిగింది. పెద్దమ్మ స్కూలు టీచరు. భక్తిపరురాలు. గౌన్ల కన్నా మగపిల్లల బట్టలంటే ఇష్టపడే ఈ పిల్లని చూసి ఆవిడ ఊరంతా ఏమనుకుంటుందోనని గుండెలు బాదుకోలేదు. ఆడపిల్లలోనే మగపిల్లాడు అని ముద్దుగా అనుకుని ఊరుకుంది. బానిసగా పుట్టిన అమ్మమ్మ కూడా ఆ ఇంట్లోనే ఉండేది.

పాలీకి పెద్దయ్యాక రెండు తలుపులు మూసుకుపోయాయి. 1938లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం నల్లపిల్లవని చేర్చుకోలేదు. లా క్లాసులో మొదటి స్థానం తెచ్చుకున్నాక, 1944లో హార్వర్డ్ ఆడదానివని చేర్చుకోలేదు. మూడో తలుపు సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయింది. తను ప్రేమించింది స్త్రీలనే. అసలు లోపల తాను మగవాణ్ణేనని గట్టిగా అనిపించేది. హార్మోన్లు ఇమ్మని డాక్టర్లకు ఉత్తరాలు రాసింది. వాళ్ళు కాదన్నారు. మనసు చెదిరి ఆసుపత్రిలో పడిన రోజులూ ఉన్నాయి. (తన పుస్తకాల్లో తనను స్త్రీగానే చెప్పుకుంది కనుక నేనూ 'ఆమె' అనే రాస్తున్నాను.)

మరి ఆమెను ఏది నిలబెట్టింది? రాత, ప్రార్థన. గాంధీగారి సత్యాగ్రహం గురించి చదివి, 1940లో వర్జీనియాలో బస్సులో వెనక సీటుకు వెళ్ళనని అరెస్టయింది. రోజా పార్క్స్ కన్నా 15 ఏళ్ళ ముందు! 1956లో తన వంశం కథను, బానిసత్వంతో సహా, 'ప్రౌడ్ షూస్' అని పుస్తకంగా రాసింది. 1970లో కవితల పుస్తకం తెచ్చింది. మధ్యలో లాయరుగా, ప్రొఫెసరుగా పేరు తెచ్చుకుంది. ఒక లాయర్ల ఆఫీసులో పరిచయమైన ఐరీన్ బార్లో ఆమె జీవితంలో అన్నిటికన్నా దగ్గరి మనిషి అయింది. ఇద్దరికీ చర్చి అంటే ప్రాణం. కలిసి ఆరాధనకు వెళ్ళేవారు.

1966లో ఒక ఆదివారం పాలీ ఆరాధన మధ్యలోనే లేచి బయటికి వచ్చేసింది. సిలువ మోసేదీ వాక్యం చదివేదీ అంతా మగవాళ్ళేనా, మేము కేవలం కూర్చోవడానికా అని ఆమె బాధ. అలాగని చర్చి మానేయలేదు. ఆ ప్రశ్నే కాగితం మీద పెట్టి సంఘానికి ఉత్తరం రాసింది. అలిగి వెళ్ళిపోవడం తేలిక. ప్రశ్నిస్తూ ఉండిపోవడమే కష్టం.

1973లో ఐరీన్ క్యాన్సర్‌తో కన్నుమూసింది. ఆఖరి ఘడియల్లో పక్కనుండి ప్రార్థన చేసింది పాలీయే. ఆ దుఃఖంలోనే ఆమెకు తన దారి కనిపించింది. 62 ఏళ్ళ వయసులో ప్రొఫెసరు ఉద్యోగం వదిలి వేదాంత విద్యాలయంలో చేరింది. అప్పటికి ఆమె చర్చిలో స్త్రీలకు గురుత్వం లేదు. 1976లో ఆ నియమం మారింది. 1977 జనవరి 8న పాలీ మర్రే ఎపిస్కోపల్ చర్చిలో అభిషేకం పొందిన తొలి నల్లజాతి స్త్రీ అయింది. మరుసటి నెలలో చాపెల్ హిల్ ఊళ్ళోని చర్చిలో మొదటిసారి ప్రభువు బల్ల సంస్కారం జరిపించింది. ఒకప్పుడు బానిస పిల్లగా అమ్మమ్మ బాప్తిస్మం పొందిన చర్చి అది. పాలీ చేతిలో ఉన్నది అమ్మమ్మ బైబిలే!

పక్కవాటా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మరి తన సంగతి అందరికీ చెప్పిందా వదినా?" అంది.

చెప్పలేదు. ఆత్మకథ రాసింది కానీ అందులో కూడా ఆ సంగతి తెరిచి రాయలేదు. ఆ కాలం అలాంటిది. కానీ ఒక పని చేసింది. డైరీలు, డాక్టర్లకు రాసిన ఉత్తరాలు, అన్నీ పెట్టెల్లో సర్ది గ్రంథాలయానికి అప్పగించింది. తగలబెట్టలేదు. 1985లో ఆమె పోయాక అవి చదివి లోకం ఆమెను పూర్తిగా తెలుసుకుంది. ఆ కాగితాలున్నది ఒకప్పుడు ఆడదానివని వెనక్కి పంపిన హార్వర్డ్‌లోనే. 2012లో ఆమె చర్చి ఆమెను తాను స్మరించుకునే పవిత్రుల వరసలో చేర్చింది. 2024లో అమెరికా ప్రభుత్వం పాతిక సెంట్ల నాణెం మీద ఆమె ముఖం ముద్రించింది.

"అది అమెరికా. మన సంఘంలో ఇలాంటివి ఒప్పుకుంటారా?" అంది ఆవిడ. న్యాయమైన ప్రశ్నే. ఆడ, మగ అని మనం గీసిన రెండు గళ్ళలో ఇమడని వాళ్ళందరినీ కలిపి ఇప్పుడు 'క్వియర్' అంటున్నారు. వాళ్ళ విషయంలో మన కోర్టులు కొంత దూరం వచ్చాయి. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లకు మూడో లింగంగా గుర్తింపునిచ్చింది. 2018 సెప్టెంబర్ 6న, పెద్దవాళ్ళు ఇష్టపూర్వకంగా చేసుకునే స్వలింగ ప్రేమ నేరం కాదంది. పెళ్ళి హక్కు మాత్రం 2023లో ఇవ్వలేదు. చర్చిలన్నీ కూడా ఒక్క మాట మీద లేవు. పాపమనే సంఘాలే ఎక్కువ. వాక్యానికి అర్థం చెప్పేంతటి దాన్ని నేను కాను.

కానీ మిషన్ స్కూల్లో చదువుకున్నదాన్ని కనుక ఒక కథ గుర్తుంది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయ రాణి దగ్గర పనిచేసే నపుంసకుడు రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటుంటాడు. ఫిలిప్పు రథమెక్కి అర్థం చెబుతాడు. దారిలో నీళ్ళు కనబడగానే నాకు బాప్తిస్మం ఇవ్వడానికి అడ్డేమిటని అతను అడుగుతాడు. నువ్వెలాంటివాడివి, నీ ఒళ్ళెలాంటిది అని ఫిలిప్పు ఆరా తీయడు. ఇద్దరూ నీళ్ళలోకి దిగుతారు. పాత ధర్మశాస్త్రం అలాంటివాళ్ళను సమాజంలోకి రానివ్వద్దంది. ఆ మాటా ఆ గ్రంథంలోదే, ఈ కథా ఆ గ్రంథంలోదే.

మన దగ్గర మాత్రం మార్పులు రాలేదా? గురువుల పీఠం ఆడవాళ్ళది కాదని ఎన్ని తరాలు అనుకున్నాం! 2013లో మన నంద్యాల డయోసిస్‌కే పుష్పలలితగారు బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో బిషప్ అయిన తొలి మహిళ ఆవిడే. ఆడవాళ్ళ సంగతి వేరు, ఇది వేరు అంటారేమో. వేరే. కానీ 'ఇది ఎప్పటికీ మారదు' అన్న మాటను కాలం ఒకసారి అబద్ధం చేసిందా లేదా?

సంఘం మారేదాకా ఇల్లు ఆగనక్కర్లేదు. తల్లులుగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కంగారుపడి సంబంధాలు చూడకండి. ఆ పెళ్ళి ఇద్దరి బతుకులు పాడుచేస్తుంది. దయ్యం పట్టిందని పిల్లని పదిమందిలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టకండి. మార్చేస్తామనే డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్ళకండి. స్వలింగ ప్రేమను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. అలా మార్చబోవడం వృత్తిపరమైన తప్పు అని 2022లో మన జాతీయ వైద్య కమిషన్ చెప్పింది.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్లని రెండుగా కోయకండి. పాటలు రాసే చెయ్యి మాకు కావాలి, ఆ నాలుగు పేజీలు రాసిన చెయ్యి వద్దు అంటే ఎలా? రెండూ ఒక్క చెయ్యే కదా! 'దేవుడు కావాలా, నీ మనసు కావాలా' అని అడిగితే పిల్ల ఏదో ఒకటి వదులుకుంటుంది. ఒక్కోసారి ప్రాణమే వదులుకుంటుంది. పాలీకి ఆ ప్రశ్న వేయని పెద్దమ్మ ఒకావిడ ఉంది. ఆ ఇంటి చలవ వల్లే అన్ని తలుపులు మూసుకున్నా ఆమె విరిగిపోలేదు.

ఆవిడ పుస్తకం తీసుకుని వెళ్ళింది. పదిరోజుల తర్వాత వచ్చింది. పుస్తకం చూశానని పిల్లకి చెప్పేసిందట. తప్పయిందని కూడా అందట. పిల్ల రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు రాత్రి అమ్మ పక్కన పడుకుని మాట్లాడటం మొదలుపెడితే తెల్లారిందట. "నాకింకా భయంగానే ఉంది వదినా. వాళ్ళ నాన్నకి చెప్పలేదు. కానీ పిల్ల నా దగ్గరే ఉంది" అంది. క్రిస్మస్‌కి కొత్త పాట పాడింది కూడా. తల్లీకూతుళ్ళు సరేనన్నాకే, ఊరూ పేరూ లేకుండా ఇది రాస్తున్నాను.

మీ ఇంట్లో పరుపు కింద, బట్టల బీరువాలో అలాంటి పుస్తకం ఒకటి ఉండొచ్చు. తెరవకండి. చింపకండి. 'ఏం రాస్తున్నావమ్మా, ఎప్పుడైనా నాకు వినిపిస్తావా?' అని అడిగి, వినిపించేదాకా ఓపిక పట్టండి.