తెర మీది పాఠానికి సనదు



ఈ మాసపు శీర్షికను నా తప్పు ఒకటి ఒప్పుకోవడంతో ప్రారంభిస్తున్నాను. నిరుడు మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, అస్ర్ నమాజు తరువాత మా మొహల్లా సోదరుడొకరు మసీదు మెట్ల వద్ద నన్ను ఆపారు. ఆయన నూజివీడు చుట్టుపక్కల తోటలను గుత్తకు తీసుకొని, రసాలు, బంగినపల్లి కాయలను నున్న మార్కెట్టుకు పంపే చిన్న వ్యాపారి. ఆయన కుమార్తె చిన్ననాడు మా మక్తబ్‌లో ఖాయిదా చదివిన పిల్లే. ఇప్పుడు డిగ్రీలో గణితం, భౌతికశాస్త్రం చదువుతున్నది. ఆ అర్ధ సంవత్సరం గణిత పత్రం ఒకటి తప్పింది.

"మౌలానా సాబ్, రాత్రి పన్నెండు దాటినా ఫోను చూస్తూనే ఉంటుంది. అడిగితే చదువుకుంటున్నానంటుంది. చదివితే ఎందుకు తప్పుతుంది?" అని ఆయన వాపోయారు. నేను ముందూ వెనుకా విచారించకుండా, "ఫోను తీసి మీ దగ్గర పెట్టుకోండి" అని చెప్పి ఇంటిదారి పట్టాను.

వారం తిరగకముందే ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. చేతిలో నోటుపుస్తకం ఉన్నది. "హజ్రత్, మా కళాశాలలో ఈ పాఠం చెప్పే లెక్చరర్ పోస్టు నెలల తరబడి ఖాళీగా ఉంది. ఫోనులో వినే పాఠమే నాకు పాఠం. ఇప్పుడు అదీ లేదు. మళ్ళీ తప్పితే అబ్బా చదువు మాన్పిస్తానన్నారు" అన్నది. నాకు సిగ్గు కలిగింది. దాహంతో ఉన్న వ్యక్తి చేతిలోని గిన్నె మురికిగా ఉన్నదని, కడిగి ఇవ్వకుండా గిన్నెనే లాగేసుకోమన్నాను.

ఆ పుస్తకంలోని మాత్రికలు, సదిశాంతరాళాలు నాకు అర్థం కావు. నాకు తెలిసిన గణితం ఫరాయిజ్ లెక్కలే. మృతునికి భార్య, తల్లి, ఒక కుమారుడు ఉంటే ఆస్తిని 24 భాగాలు చేసి, భార్యకు 3, తల్లికి 4, కుమారునికి 17 ఇవ్వడం వంటివి. అయినా ముప్పై ఏళ్ళుగా పిల్లల పుస్తకాలు దిద్దుతున్న కంటికి ఒక సంగతి కనిపించింది. ఎనభై పుటల ఆ పుస్తకంలో ఒక్క కొట్టివేత కూడా లేదు. సొంతంగా లెక్క చేసేవాని కాగితం అంత శుభ్రంగా ఉండదు. ఆ బిడ్డ రాత్రులు మేల్కొని చూసిందంతా చూసి రాసుకున్నదే గాని, తాను చేసినది కాదు. తప్పు ఫోనుది కాదు, సోమరితనానిదీ కాదు. ఆ పాఠాన్ని ఎవరి దగ్గర, ఎలా నేర్చుకోవాలో ఆమెకు చెప్పినవారు లేరు.

మన ఊరికి ఇది కొత్త కాదు

తెర మీద చదువు నూజివీడుకు కొత్త కాదు. 2008లో ఇక్కడ స్థాపితమైన ట్రిపుల్ ఐటీ, అంటే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, పదవ తరగతిలో ప్రతిభ చూపిన గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని, వారి చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి చదువు చెప్పడంతోనే ఆరంభమయింది. దాని తొలి ఛాన్సలర్ ఆచార్య రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో అందుకున్నవారు. అక్కడ చదివి ఉద్యోగంలో చేరిన నా పూర్వ విద్యార్థి ఒకరిని ఫోనులో సంప్రదించాను. ఆయన చెప్పిన వాటినీ, తరువాత ఆ అమ్మాయి స్వయంగా వాడి చూసిన వాటినీ ఇక్కడ మీ ముందుంచుతున్నాను. ఇవన్నీ ఉచితంగా లభించేవే.

ముందు సనదు చూడండి

మదరసాలో మేము నేర్చే మొదటి మర్యాద ఒకటున్నది. ఒక మాట చెవిన పడితే, అది ఎంత ఇంపుగా ఉన్నా, "ఇది ఎవరు చెప్పారు? వారు ఎవరి దగ్గర విన్నారు?" అని అడగాలి. దీన్నే సనదు అంటాము. తెర మీది పాఠానికీ ఇదే కొలబద్ద. బోధకుని పేరేమిటి, ఏ విద్యాసంస్థలో బోధిస్తున్నారు, పొరపాటు దొర్లితే బహిరంగంగా సరిదిద్దుతున్నారా అని చూడాలి. ఈ మూడింటికీ జవాబు లేని వీడియోను, దాన్ని ఎన్ని లక్షల మంది చూసినా, పక్కన పెట్టండి.

సనదు ఉన్న వాటిలో మన దేశానికి చెందిన ఎన్‌.పి.టి.ఇ.ఎల్. మొదటిది. 2003లో ఐ.ఐ.టి.లు, బెంగళూరు ఐ.ఐ.ఎస్‌సి. కలిసి ప్రారంభించిన ఈ పథకంలో ఆ సంస్థల ఆచార్యులే గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తారు. పాఠం వినడానికి రుసుము లేదు. ధ్రువపత్రం కావాలంటే రుసుము కట్టి, కేంద్రానికి వెళ్ళి పరీక్ష రాయాలి. కేంద్ర ప్రభుత్వపు 'స్వయం' వేదికలో కూడా ఈ కోర్సులు లభిస్తాయి. విశ్వవిద్యాలయం అంగీకరిస్తే ఒక సెమిస్టరులో 40 శాతం వరకు కోర్సులను 'స్వయం' ద్వారా పూర్తిచేసి క్రెడిట్లు పొందవచ్చునని యు.జి.సి. 2021 నిబంధనలు చెబుతున్నాయి. మీ కళాశాలలో ఈ వెసులుబాటు ఉన్నదేమో తప్పక అడగండి.

రెండవది అమెరికాలోని ఎం.ఐ.టి. వారి ఓపెన్ కోర్స్‌వేర్. తమ తరగతి పాఠాలను, అభ్యాసాలను, పరీక్షా పత్రాలను లోకమంతటికీ ఉచితంగా ఇస్తామని ఆ సంస్థ 2001లో ప్రకటించింది. మాత్రికలతో అవస్థ పడుతున్న మా అమ్మాయికి ఇందులోని ఆచార్య గిల్బర్ట్ స్ట్రాంగ్ పాఠాలే దారి చూపాయి. అరవై ఏళ్ళ పాటు అక్కడ బోధించి 2023లో విశ్రమించిన ఆ వృద్ధ ఆచార్యుడు సుద్దముక్క పట్టుకొని, తొందరపడక, "ఇది ఎందుకు ఇలా ఉన్నది?" అని నల్లబల్లనే ప్రశ్నిస్తున్నట్లు బోధిస్తారు. ఆంగ్లం కొత్తగా ఉన్నవారు కింద వచ్చే అక్షరాలను పెట్టుకొని వింటే వారం రోజుల్లో చెవికి అలవాటవుతుంది.

మూడవది, వీడియో అవసరం లేని చదువు. రోజువారీ డేటా తక్కువగా ఉన్న ఇళ్ళకు ఇది మేలు. కలనగణితానికి 'పాల్స్ ఆన్‌లైన్ మ్యాథ్ నోట్స్'లో ప్రతి అంశానికీ చేసి చూపిన లెక్కలూ, మనం చేయవలసిన లెక్కలూ ఉన్నాయి. రైస్ విశ్వవిద్యాలయం వారి 'ఓపెన్‌స్టాక్స్'లో కలనగణితం, భౌతిక, రసాయన, జీవశాస్త్రాల పూర్తి పాఠ్యపుస్తకాలు దిగుమతి చేసుకోవచ్చు. 1961–63 మధ్య రిచర్డ్ ఫైన్‌మన్ ఇచ్చిన భౌతికశాస్త్ర ఉపన్యాసాల మూడు సంపుటాలను కాల్టెక్ సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవనిస్తున్నది.

ప్రయోగశాల కొరత ఉన్నచోట కేంద్ర విద్యాశాఖ వారి 'వర్చువల్ ల్యాబ్స్', కొలరాడో విశ్వవిద్యాలయం వారి 'ఫెట్' ఉపకరిస్తాయి. లోలకం, విద్యుత్ వలయం, కాంతి వక్రీభవనం వంటివాటిని తెర మీద కదిలించి చూడవచ్చు. ఫెట్‌ను 2002లో ప్రారంభించినవారు నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్. వక్రరేఖలు గీచి చూడటానికి 'జియోజెబ్రా' ఉన్నది. ఇంటర్మీడియట్ పునాదిలోనే లోటు ఉన్నవారు బిడియపడక ఖాన్ అకాడమీకి వెళ్ళి కింది తరగతి నుండి మొదలుపెట్టాలి.

ఇక కృత్రిమ మేధ. అడిగిన వెంటనే జవాబిచ్చే ఈ యంత్రానికి సనదు లేదు. సరైన మెట్టునూ తప్పు మెట్టునూ ఒకే ధీమాతో చెబుతుంది. కనుక జవాబు చెప్పమని దాన్ని అడగవద్దు. మీరు చేసిన జవాబును ముందుంచి, తప్పెక్కడుందో చూపమనండి. అది చూపిన దాన్ని కూడా కాగితం మీద మీరే సరిచూసుకోండి.

ముతాలా, సబఖ్, తక్రార్

ఎన్ని బావులున్నా చేద లేనిదే నీరు పైకి రాదు. మా మదరసాలలో పాఠానికి మూడు అంగాలుంటాయి. పాఠానికి ముందు విద్యార్థి తనంతట తాను చదివి, అర్థం కానిచోట గుర్తు పెట్టుకోవడం ముతాలా. ఉస్తాదు ముందు కూర్చొని వినడం సబఖ్. విన్న తరువాత తోటి విద్యార్థులకు తిరిగి చెప్పడం తక్రార్. తెర మీది పాఠంలో మధ్య అంగం ఒక్కటే దొరుకుతుంది. మొదటిదీ చివరిదీ లేకుండా వేగం రెట్టింపు చేసి పాఠాలు చూడటం కార్బైడ్ పెట్టి కాయను పండించడం వంటిది. పైన రంగు వస్తుంది, లోపల రసం ఉండదు. గడ్డిలో మాగిన కాయ రుచి మన ప్రాంతం వారికి వేరే చెప్పాలా?

ఆ అమ్మాయికి ఒక నియమం పెట్టాను. పాఠం వినబోయే ముందు ఆ అధ్యాయం చదవాలి. పదిహేను నిమిషాలు విని, తెర మూసి, విన్న లెక్కను చూడకుండా చేయాలి. తప్పును చెరిపివేయకుండా, కనబడేలా ఒక గీత మాత్రమే కొట్టాలి. ప్రతి శుక్రవారం ఆ కొట్టివేతలు నాకు చూపాలి. ఆదివారం నాడు అదే పాఠం చదువుతున్న మరో ముగ్గురు ఆడపిల్లలకు తమ ఇంటి వసారాలో చెప్పాలి. తండ్రితో మాట్లాడి ఫోను తిరిగి ఇప్పించాను. ఫజ్ర్ తరువాత గంట, మగ్రిబ్ తరువాత గంట, అందరూ తిరిగే గదిలో. ఇషా తరువాత ఫోను తల్లి దగ్గర ఉంటుంది. అర్ధరాత్రి పాఠాలు అంతటితో ఆగాయి.

రెండు నెలల తరువాత ఒక సాయంత్రం నేను వారింట ఉండగా, తండ్రి మార్కెట్టు చీటీలు ముందేసుకొని కూర్చున్నారు. ఒక చీటీలో 3 ట్రేల రసాలు, 2 ట్రేల బంగినపల్లి కలిపి 2,300 రూపాయలు. మరొకదానిలో 1 ట్రే రసాలు, 4 ట్రేల బంగినపల్లి కలిపి 2,100. విడి ధరలు రాసి లేవు. అమ్మాయి కాగితం తీసుకొని రెండు నిమిషాల్లో రసాల ట్రే 500, బంగినపల్లి ట్రే 400 అని తేల్చింది. తరువాత నవ్వి, "అబ్బా, రెండో చీటీలో 6, 4 ట్రేలు, మొత్తం 4,600 అని ఉంటే ధర తేలేది కాదు" అన్నది. ఆయన క్షణం ఆలోచించి, "మొదటి చీటీనే రెండింతలు చేసి రాసినట్టేగా బేటీ, అందులో కొత్త సంగతి ఏముంది?" అన్నారు. "అదే అబ్బా, నేను తప్పిన పాఠం. ఒక సమీకరణం మరొకదాని మీద ఆధారపడి ఉంటే నిర్ధారకం సున్నా అవుతుంది" అని ఆ బిడ్డ అన్నప్పుడు, ఆయన చీటీలు పక్కన పెట్టి కూతురి ముఖం చూశారు. ఫోనులో ఆమె ఏమి చూస్తున్నదో ఆయనకు ఆనాడు తెలిసింది.

అల్‌హమ్దులిల్లాహ్, ఆమె ఆ పత్రంలో ఉత్తీర్ణురాలయింది. మార్కులు గొప్పవేమీ కావు. ఆదివారపు తక్రార్ మాత్రం ఇప్పటికీ సాగుతున్నది.

ఇంకొక్క మాట. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథపు పేరు నుండే 'ఆల్జీబ్రా' అన్న మాట, ఆయన పేరు నుండే 'అల్గారిథమ్' అన్న మాట పుట్టాయి. ఆ గ్రంథంలో పెద్ద భాగం వారసత్వపు లెక్కలే. నేను మదరసాలో నేర్చిన లెక్క, ఆ బిడ్డ ఫోనులో నేర్చిన లెక్క ఒకే కొమ్మకు కాసిన కాయలు. ఈ సంగతి ముందే తలచి ఉంటే మసీదు మెట్ల మీద అంత తొందరపడి ఉండేవాడిని కాను.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ చేతి నుండి ఫోను తీసుకునే ముందు నోటుపుస్తకం అడిగి తీసుకోండి. అందులో కొట్టివేతలు ఉన్నాయేమో చూడండి. ఉంటే దువా చేయండి, లేకుంటే పక్కన కూర్చోండి. మన పిల్లలందరికీ ప్రయోజనకరమైన జ్ఞానాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.